పక్క సీటుకూ నోరుంది

సెలవులకు విదేశం వెళ్లిరావడం ఇప్పుడు మన ఊళ్లలో వింతేమీ కాదు. కూతురు అక్కడ చదువుకుంటోందనో, చెల్లెలు అక్కడ ఉద్యోగం చేస్తోందనో, లేకపోతే నాలుగేళ్లు చీటీ కట్టి దాచిన డబ్బుతోనో, కుటుంబమంతా కలిసి ఒక్కసారైనా వెళ్లొస్తున్నారు. గుంపుగా బస్సులో తిప్పే యాత్రలకన్నా ఒక కారు అద్దెకు తీసుకుని, నచ్చినచోట ఆగుతూ, అక్కడి పల్లెటూళ్లూ కొండలూ సముద్రపు ఒడ్డులూ చూసుకుంటూ తిరగడమే బాగుంటుందని చాలామంది అనుకుంటున్నారు. బాగుంటుంది కూడా. కాదనను.

అలా వెళ్లొచ్చిన ఇల్లాళ్లను కదిపి చూడండి. "మొత్తం రెండువేల కిలోమీటర్లండీ, అంతా మావారే నడిపారు!" అని ఎంతో గర్వంగా చెబుతారు. "మరి మీరో?" అని అడిగితే, "నాదేముంది, పక్కన కూర్చున్నాను" అంటారు. ఊళ్లో స్కూటీ మీద రయ్యిమని తిరిగే ఆవిడా అదే మాట అంటుంది, కారు నడిపే ఆవిడా అదే మాట అంటుంది. ఆ "పక్కన కూర్చున్నాను" అనే మాట గురించే ఈ వారం నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

తెలియని దేశం. తెలియని పల్లె దారి. వెనక సీట్లో పిల్లలు. వాళ్లందరి ప్రాణాలూ ఒక్క మనిషి రెండు చేతుల్లో పెట్టి, ఆ మనిషి అలిసిపోయినా, తికమకపడినా, మనం కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చోవడం న్యాయమేనా? పక్క సీట్లో కూర్చున్నది సామాను కాదు కదా! దానికీ కళ్లున్నాయి, నోరుంది. "కాసేపు ఆగుదాం" అనే హక్కూ ఉంది. అవసరమైతే స్టీరింగు అందుకునే అర్హత కూడా ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

పల్లె దారులంటే మనకు ఒక భ్రమ ఉంది. పెద్ద రోడ్లలో లారీలు, వేగం, రద్దీ. పల్లె దారిలో ఏముంటుంది, హాయిగా వెళ్లొచ్చు అనుకుంటాం. నిజానికి అది తిరగేసి ఉంది. బ్రిటన్నే తీసుకోండి. అక్కడ రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో సగానికి పైగా పల్లె రోడ్ల మీదే చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. అంత వేగంగా బళ్లు పరుగెత్తే మోటార్‌వేల మీద పోయే ప్రాణాలు వాటితో పోలిస్తే బాగా తక్కువ. ఎందుకంటే మోటార్‌వేలో ఎదురుబండి రాదు. పల్లె దారిలో ప్రతి మలుపు అవతలా ఏదో ఒకటి ఉండవచ్చు. ఎదురుబండి, ట్రాక్టరు, గొర్రె, సైకిలు తొక్కుకుంటూ పోయే ముసలాయన. 2022 ఆగస్టులో స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో ఏ828 అనే రోడ్డు మీద కారూ లారీ ఢీకొని ముగ్గురు భారతీయ యువకులు చనిపోయిన వార్త మన పత్రికల్లోనూ చదివాం. వాళ్లకన్న తల్లుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

మా చెల్లెలు గ్లాస్గోలో ఉంటుంది. కిందటేడాది మే నెలలో మేం అక్కడికి వెళ్లాం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు. గ్లాస్గో నుంచి స్కై అనే దీవికి సుమారు 340 కిలోమీటర్లు. 1995లో వంతెన కట్టారు కాబట్టి పడవ ఎక్కనక్కర్లేదు, కారులోనే దీవికి చేరవచ్చు. అక్కడినుంచి ఉత్తరాన ఉన్న కొండ పల్లెలు చూడాలని మా ఆలోచన. 2015 నుంచి ఆ కొండసీమను చుట్టివచ్చే 830 కిలోమీటర్ల దారికి ఒక పేరు పెట్టి ప్రచారం చేయడంతో ప్రపంచం నలుమూలలనుంచీ జనం అద్దెకార్లు వేసుకుని వచ్చి పడుతున్నారు. అంటే ఆ ఇరుకు దారుల మీద మీరు కొత్త, ఎదుటివాడూ కొత్తే అన్నమాట!

మనకున్న సౌకర్యం ఏమిటంటే అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. స్టీరింగు కుడివైపే ఉంటుంది. "ఇంకేం, మన కాకినాడలో నడిపినట్టే" అనుకుంటారు. ఆ ధీమా అట్టే పనికిరాదు. అక్కడ వేగం లెక్క మైళ్లలో. తెల్లటి గుండ్రటి పలక మీద నల్లగీత ఏటవాలుగా గీసి ఉంటే, ఇలాంటి రెండు వైపుల రోడ్డు మీద గంటకు 60 మైళ్లు దాటకూడదని అర్థం. అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లు. ఆ పలక ఎంత ఇరుకు సందు దగ్గరైనా కనిపిస్తుంది. అది మించవద్దని చెప్పడమే కానీ, అంత వేగంగా పొమ్మని కాదు. మలుపుల్లో 20 మైళ్లే ఎక్కువనిపించే చోట్లు కోకొల్లలు.

అసలు చిక్కు ఒంటిబండి దారులతో. ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటుంది, రెండువైపులా బళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. కొంత కొంత దూరానికి పక్కకు ఉబ్బినట్టుగా కాస్త జాగా వదిలి, అక్కడొక తెల్ల పలక పాతి ఉంచుతారు. ఎదురుబండి కనిపిస్తే, ఆ జాగా మన ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే అటు పోకూడదు. దానికి ఎదురుగా మన పక్కనే ఆగి, ఎదుటివాణ్ని అందులోంచి పోనివ్వాలి. కొండ ఎక్కేవాడికి, దిగేవాడు వీలైనంతవరకు దారివ్వాలి. అవసరమైతే వెనక్కి నడిపి దారివ్వాలి. వెనకాల ఎవరైనా తొందరలో ఉంటే వాళ్లనీ ముందుకు పోనివ్వాలి. ఫొటోలకోసం ఆ జాగాలో కారు నిలిపేయడం తప్పు. ఇదంతా అక్కడి రోడ్డు నియమాల పుస్తకంలో ఉన్నదే.

మన కోనసీమ కాలవగట్టు రోడ్లు గుర్తుకొస్తాయి కదూ? అవీ ఒంటిబండి దారులే. కాకపోతే మన గట్టు మీద రాయని నియమం ఒకటుంది. చిన్నది పెద్దదానికి తప్పుకోవాలి. సైకిలు స్కూటరుకి, స్కూటరు ఆటోకి, ఆటో బస్సుకి, బస్సు కొబ్బరికాయల లారీకి. బండి ఎంత పెద్దదైతే దారి అంత సొంతం. అక్కడి నియమం అడిగేది "ఎవరు పెద్ద?" అని కాదు, "తప్పుకునే చోటు ఎవరికి దగ్గర?" అని. ఎవరికి వీలైతే వాళ్లు తగ్గుతారు. ఈసారి మీరు, మలుపు తిరిగాక ఆయన. తగ్గినవాడికి అవతలివాడు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పి మరీ పోతాడు. ఇళ్లలో తగ్గే వంతు ఎప్పుడూ ఒకరిదే అయ్యే మనకు ఈ పద్ధతి కాస్త కొత్తగానూ, చాలా ముచ్చటగానూ ఉంటుంది.

ఇంకొక సంగతి చాలా ముఖ్యమైనది. మన దగ్గర ఎదుటివాడు లైట్లు వెలిగించి ఆర్పితే ఏమిటర్థం? "నేనొస్తున్నా, నువ్వు ఆగు" అని. అక్కడ అలవాటులో దానికి సరిగ్గా ఎదురర్థం. "నేను ఆగాను, నువ్వు రా" అని! నియమాల పుస్తకం ప్రకారమైతే లైటు వెలిగించడం "నేనిక్కడున్నాను" అని చెప్పడానికే, దాన్ని ఇంకో రకంగా నమ్మవద్దంటుంది. కానీ మనుషుల అలవాటు వేరు. ఒకే సంజ్ఞకు రెండు దేశాల్లో రెండర్థాలుంటే ఒంటిబండి దారిలో ఏమవుతుందో ఊహించుకోండి. హారన్ కూడా అంతే. మన దగ్గర అది పలకరింపు. అక్కడ అది తిట్టు కిందే లెక్క.

ఇన్ని సంగతులు ఒక్క మనిషి బుర్రలో పెట్టుకుని, గేరు మారుస్తూ, అద్దంలో చూస్తూ, మైళ్లను కిలోమీటర్లలోకి మారుస్తూ నడపడం సాధ్యమేనా? పక్క సీటు పని ఇక్కడే మొదలవుతుంది.

గ్లాస్గోలో అద్దెకార్ల కౌంటరు దగ్గర అమ్మాయి, "ఇంకో డ్రైవరు పేరు రాయమంటారా?" అని అడిగింది. మావారు ఆలోచించకుండానే "అక్కర్లేదు" అనేశారు. ఆయన తప్పని అనను, మన మగవాళ్లకు ఆ ప్రశ్నే తట్టదు. మా చెల్లెలు ఊరుకోలేదు.

"బావగారూ, అక్క పేరు కూడా రాయించండి. కాగితంలో పేరు లేనివాళ్లు బండి నడిపితే ఇన్సూరెన్సు వర్తించదు. దారిలో మీకు జ్వరమొస్తే ఏం చేస్తారు?"

"రోజుకింత అని అదనంగా కట్టాలట. మీ అక్క నడిపేదుందా పెట్టేదుందా, డబ్బు దండగ" అన్నారాయన.

"అక్క రోజూ పిల్లల్ని ట్యూషన్‌కి దింపుతోంది, సామర్లకోట స్టేషనుకి వెళ్లి చుట్టాల్ని తీసుకొస్తోంది. ఇక్కడికొచ్చేసరికి మర్చిపోతుందా?" అంది అది.

అత్తయ్యగారు వెనకనుంచి, "రాయించరా అబ్బాయ్! ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదన్నారు. ఒక డ్రైవరు మాత్రం డ్రైవరా?" అన్నారు. ఆవిడ మాటతో నా పేరు కాగితమెక్కింది. మన లైసెన్సుతోనే అక్కడికి వెళ్లిన సందర్శకులు పన్నెండు నెలల వరకూ కారు నడపవచ్చు. నా లైసెన్సు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

ఆ వెంటనే మా చెల్లెలు మా పదేళ్లవాణ్ని గోడకు నిలబెట్టి ఎత్తు చూసింది. అక్కడి చట్టప్రకారం పన్నెండేళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అది, పిల్లలకు ప్రత్యేకమైన సీటు వేయాల్సిందే. "నేనేమన్నా పసిపిల్లాణ్నా పిన్నీ?" అని వాడు గింజుకున్నాడు కానీ, 131 దగ్గర ఆగిపోయాడు. ఎత్తు సీటు వేయించాక మాత్రం కిటికీలోంచి అందరికన్నా వాడికే బాగా కనిపించింది. వెనక కూర్చున్న పెద్దవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని 1991లోనే అక్కడ చట్టం చేశారు. అత్తయ్యగారికి చీర మీద బెల్టు సర్ది పెట్టడం నా వంతయింది. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన దగ్గర ప్రేమ అనుకుంటాం. బండి సడన్‌గా ఆగితే ఏ తల్లి చేతులకూ ఆ బిడ్డను పట్టి ఆపే బలం ఉండదు. ఈ ఒక్క విషయంలో అక్కడి చట్టాన్ని ఇంటికి కూడా తెచ్చుకుంటే బాగుండుననిపించింది.

స్కై దీవికి ఎదురుగా, ఇవతలి నేల మీద యాపిల్‌క్రాస్ అని ఒక పల్లె ఉంది. అక్కడికి పోయే కొండదారి పేరు బియాలక్ న బా. గేలిక్ భాషలో పశువులు దాటే కనుమ అని అర్థమట. 1822లో వేసిన దారి. సముద్రమట్టం దగ్గర మొదలై 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, అదీ మెలికలు మెలికలుగా, ఒక్క కారు వెడల్పుతో. నేర్చుకుంటున్నవాళ్లూ, బాగా పెద్ద బళ్లూ ఈ దారిన వెళ్లవద్దని కిందే పలక పెట్టారు. మనకు తిరుమలలో 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎదురుబండి భయం లేదు. ఇక్కడ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరికీ అదే దారి.

ఒక మెలిక దగ్గర పైనుంచి పెద్ద వ్యాను వచ్చి, తప్పుకునే జాగాలో ఆగి, రెండుసార్లు లైట్లు వెలిగించాడు. మావారు "వచ్చేస్తున్నాడు, మనమే వెనక్కి పోవాలి" అని రివర్సు గేరు వేశారు. వెనక ఏముంది? మెలిక, దాని పక్కన లోయ. "ఆగండి! రమ్మంటున్నాడు. ఇక్కడ లైటేస్తే రమ్మనే" అన్నాను. రాత్రి మా చెల్లెలు చెప్పిన పాఠం అది. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, బ్రేకు మీద కాలు పెట్టి, మళ్లీ ముందుకు చూశారు. వ్యానులో మనిషి చెయ్యూపి నిజంగానే రమ్మంటున్నాడు. మెల్లగా ఎక్కి వాడి పక్కనుంచి దాటాం. అద్దాలు తగులుతాయేమోనన్నంత దగ్గరగా! మావారు చెయ్యెత్తారు, ఆయన చెయ్యెత్తాడు. ఆ తరవాత దారి పొడుగునా ఆయన నన్ను అడుగుతూనే ఉన్నారు. "అటేమైనా బండి వస్తోందా? ఆ జాగా ఏ పక్కనుంది?" నేను చెబుతూనే ఉన్నాను. డ్రైవరు కళ్లు బంపరు ముందున్న దారి మీద ఉంటాయి. పక్క సీటు కళ్లు రెండు మలుపుల అవతలికి చూడగలవు.

మే నెలలో అక్కడ గొర్రెలన్నీ పిల్లలతో ఉంటాయి. కంచెలు లేనిచోట రోడ్డు మీదే పడుకుంటాయి. బండి దగ్గరకొచ్చేదాకా చలించవు. గొర్రెపిల్ల ఈ పక్కనా తల్లి ఆ పక్కనా ఉంటే మాత్రం ప్రమాదం. పిల్ల బెదిరిందంటే తల్లి దగ్గరికే పరుగెడుతుంది, మన చక్రాల ముందునుంచి. ఈ సంగతి అత్తయ్యగారు చెప్పకుండానే కనిపెట్టారు. "అమ్మాయ్, అటు తల్లుంది, వాణ్ని ఆగమను" అనేవారు వెనకనుంచి. పిల్లలకోసం చూసే కన్ను ఏ దేశంలోనైనా ఒకటే! సంధ్యవేళ జింకలు దిగుతాయి. అవి ఒంటరిగా రావు. ఒకటి దాటిందని ముందుకు కదిలితే రెండోది ఉంటుంది.

తిరుగు ప్రయాణం రోజున మావారికి నిద్ర సరిపోలేదు. అక్కడ వేసవికి దగ్గరపడ్డాక రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది. పొద్దు ఉంది కదా అని తిరుగుతూనే ఉంటాం, ఒంటికి మాత్రం అలుపు లెక్క తెలుస్తూనే ఉంటుంది. షీల్ బ్రిడ్జి అనే ఊరి దగ్గర ఆయన రెండుసార్లు ఆవులించారు, ఒకసారి తెల్లగీత తొక్కారు.

"ఏవండీ, ఆపండి. నేను నడుపుతాను."

"ఇంకో అరగంట. ఆ లోయ దాటాక చూద్దాం."

"అరగంట కాదు. ఇక్కడే."

గొంతు పెంచలేదు, కానీ మాట మార్చలేదు. వెనకనుంచి మా అమ్మాయి కూడా "నాన్నా, అమ్మ పేరుకి కూడా డబ్బు కట్టాం కదా" అంది. ఆయన నవ్వేసి బండి ఆపారు. అక్కడినుంచి ఇన్వర్‌గ్యారీ దాకా యాభై కిలోమీటర్లు పైచిలుకు నేను నడిపాను. అది రెండు బళ్లు పట్టే రోడ్డే. నా వేగం నాది, 45 మైళ్లు దాటలేదు. వెనక నాలుగు బళ్లు చేరితే పక్క జాగాలోకి తప్పుకుని పోనిచ్చాను. నలుగురూ చెయ్యూపి వెళ్లారు. మావారు పది నిమిషాల్లో గురక పెట్టారు. పక్క సీటు మారింది, అంతే. ఆకాశమేమీ విరిగి పడలేదు.

ఇదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. ఊళ్లో రోజూ చేసే పనే. కానీ ఆ పని అక్కడ చేయగలగడానికి మూడు కావలసివచ్చాయి. చేతిలో లైసెన్సు, కాగితం మీద పేరు, "ఆపండి" అన్న మాట మీద నిలబడే పట్టుదల. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ సాయంత్రం మా అందరి ప్రాణాలూ ఒక అరనిద్ర మీద వేలాడేవి.

"మీకు నడపడం వచ్చు కాబట్టి కబుర్లు చెబుతున్నారు, మా సంగతేమిటి?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. డ్రైవింగు రాకపోయినా పక్క సీటుకు బోలెడు పనుంది. కొండల్లో ఫోను సిగ్నలు పోతుంది, దాంతో దారి చూపే మ్యాపూ పోతుంది. ముందు రోజు రాత్రే మ్యాపును ఫోనులోకి దింపుకుని ఉంచుకోవడం, దారిలో వచ్చే ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడం చేయవచ్చు. ఆ ప్రాంతాల్లో పెట్రోలు బంకులు చాలా దూరం దూరంగా ఉంటాయి. ట్యాంకు సగానికి రాగానే గుర్తుచేయవచ్చు. బ్రిటన్‌లో ఆపద వస్తే 999కి గానీ 112కి గానీ ఫోను చేయాలని పిల్లలకు కూడా నేర్పవచ్చు. మ్యాపు చెప్పే సమయాన్ని నమ్మి రోజుకు ఎక్కువ ఊళ్లు పెట్టుకోకుండా కళ్లెం వేయవచ్చు. రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన రోజున స్టీరింగు పట్టుకోవద్దని గట్టిగా చెప్పవచ్చు. ఆ ఒక్క రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే పడుకుంటే పోయేదేముంది?

ఇంకొకటి. స్కాట్లాండ్ అంటే విస్కీ బట్టీలకు ప్రసిద్ధి. చూడడానికి వెళ్లినవాళ్లకు రుచి చూడమని చిన్న గ్లాసులు ఇస్తారు. తాగి నడపడం మీద అక్కడి హద్దును 2014 డిసెంబరులో 80 మిల్లీగ్రాముల నుంచి 50కి తగ్గించారు. మన దేశంలో అది 30. "రెండు గుక్కలేగా" అనేవాళ్లకు తాళంచెవి ఇవ్వకపోవడం కూడా పక్క సీటు పనే. దానికి డ్రైవింగు రానక్కర్లేదు, మొహమాటం లేకపోతే చాలు.

అమెరికాకో, ఐరోపాలోని ఫ్రాన్సు, ఇటలీ వంటి దేశాలకో వెళ్లేవాళ్లకు ఇంకా పెద్ద చిక్కుంది. అక్కడ కుడి పక్కన నడపాలి. ఊళ్లో ముందూ వెనకా బళ్లుంటాయి కాబట్టి వాటిని చూసి సరిగానే పోతాం. గుర్తుచేసే బండి ఒక్కటీ లేని పల్లె దారిలోనే చెయ్యి పాత అలవాటు వైపు లాగుతుంది. పెట్రోలు పోయించుకుని బయటికొచ్చినప్పుడు, ఫొటోకి ఆగి మళ్లీ బయలుదేరినప్పుడు, తెల్లారగానే ఖాళీ రోడ్డెక్కినప్పుడు. ఆ మూడు సమయాల్లో పక్కనుంచి "కుడి" అని ఒక్క మాట వినిపించాలి. చెప్పినందుకు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ప్రాణం కన్నా విసుగు చవక.

ఇక డ్రైవింగు వచ్చినవాళ్లకూ, నేర్చుకోవాలని ఉన్నవాళ్లకూ ఒక మాట. లైసెన్సు తీసుకుని బీరువాలో నగలతోపాటు దాచిపెట్టడం మన ఆడవాళ్లలో చాలామంది చేసే పని. పెళ్లికి ముందు నాన్న నేర్పించారు, తరవాత పట్టుకోలేదు అంటారు. ఆ కార్డు మీద గడువు ఎప్పటికుందో ఈ రోజే తీసి చూడండి. విదేశం వెళ్లే ఆలోచన ఉంటే పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు చూపించి రవాణా శాఖ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్ తీసుకోవచ్చు. అది ఏడాదిపాటు చెల్లుతుంది. కొన్ని దేశాల్లో, కొన్ని అద్దెకార్ల సంస్థల దగ్గర అది ఉండితీరాలి. ఆయనకు దరఖాస్తు పెట్టేటప్పుడే మీదీ పెట్టండి. వెళ్లేముందు ఒక నెల రోజులు ఆదివారం పొద్దున్నే ఊరి బయట గట్టు రోడ్డు మీద వెనక్కి నడపడం సాధన చేయండి. ఒంటిబండి దారిలో ముందుకు పోవడం కన్నా వెనక్కి రావడం తెలిసినవాళ్లే నేర్పరులు.

మగవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు, ముఖ్యంగా టీ తాగుతూ. వాళ్లకొక మాట. భార్యకు స్టీరింగు ఇస్తే పరువు పోదు. "నాకు నిద్రొస్తోంది, నువ్వు నడుపు" అనడం ఓటమి కాదు. ఆ ఒంటిబండి దారులు చూపించేది ఇదే. అక్కడ బండి ఆపి దారిచ్చినవాణ్ని పిరికివాడని ఎవరూ అనుకోరు. తప్పుకోనని మొండికేసినవాడి వల్ల రెండువైపులా బళ్లు నిలిచిపోతాయి, ఆఖరికి వాడూ కదలలేడు. సంసారం కూడా చాలావరకు ఒంటిబండి దారే. తప్పుకునే చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు తప్పుకుంటేనే ఇద్దరూ ఊరు చేరేది.

ఈ వేసవికి మీలో ఎంతమంది పెట్టెలు సర్దుకుంటున్నారో! పచ్చళ్లు, పొడులు, పిల్లల స్వెట్టర్లు, అత్తగారి మందులు అన్నీ మరవకుండా పెట్టేది మనమే. ఆ జాబితాలో ఇంకొక్క వస్తువు రాసుకోండి. మీ లైసెన్సు. కౌంటరు దగ్గర "ఇంకో డ్రైవరు?" అని అడిగినప్పుడు, ఎవరో మీ తరఫున జవాబు చెప్పకముందే, మీ పేరు మీరే చెప్పండి. లైసెన్సు లేకపోతే, బండి కదిలేముందు ఒక్క మాట ఖాయం చేసుకోండి. "నేను ఆగమంటే ఆగాలి, ఎందుకని తరవాత అడగాలి" అని. ఆ మాటకు ఖర్చు లేదు. పైగా అది ఏ దేశపు రోడ్డు మీదైనా చెల్లుతుంది. ఏమంటారు?